వంకర బండికీ మార్కులు వెయ్యండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠశాల విద్యాశాఖ సంచాలకులకు బహిరంగ లేఖ



రాత్రి తొమ్మిదింటికి కంచం ముందు కూర్చున్నాక పిల్లవాడికి గుర్తొస్తుంది, రేపు ప్రాజెక్టు వర్కు ఇవ్వాలని. అంశం సౌరకుటుంబం. నాన్న చెప్పులు వేసుకుని బండి తీస్తాడు. వీధి చివరి స్టేషనరీ కొట్టు ఇంకా మూయలేదు. ఇలాంటి నాన్నల కోసమే అది అంతసేపు తెరిచి ఉంటుంది. థర్మోకోల్ షీటు ఒకటి, సూర్యుడితో కలిపి తొమ్మిది థర్మోకోల్ బంతులు, మెరుపుల జిగురు, గ్రహాల పేర్లు అచ్చేసిన స్టిక్కర్లు. ఇంకాస్త డబ్బు పెడితే మొత్తం తయారుగానే అట్టపెట్టెలో దొరుకుతుంది. అమ్మ పదకొండు దాకా కూర్చుని అంటిస్తుంది. పిల్లవాడు శుక్రుడి దగ్గరే నిద్రపోతాడు. మర్నాడు ఐదుకి ఐదు మార్కులు పడతాయి, అమ్మకి.

ప్రాజెక్టు పనికి మార్కులు పెట్టడం వెనక ఉద్దేశం మంచిదే. నిరంతర సమగ్ర మూల్యాంకనం మన బడుల్లోకి వచ్చినప్పుడు ఫార్మేటివ్ పరీక్షలోని 20 మార్కుల్లో 5 ప్రాజెక్టు పనికి కేటాయించారు. పిల్లలు పుస్తకం మూసి, చుట్టూ చూసి, చేతులతో ఏదో ఒకటి చేసి, దాని గురించి నాలుగు మాటలు చెప్పాలన్నది అందులోని కోరిక. ఆచరణలో ఆ ఐదు మార్కులు ఒక చిన్న వ్యాపారాన్ని పోషిస్తున్నాయి. జాతీయ నాయకుల చార్టులు, నెట్ సెంటర్ ప్రింట్లు, సిరంజీలతో కదిలే జేసీబీలు, వంటసోడా వేస్తే పొంగే అగ్నిపర్వతాలు కొని తెచ్చి అప్పగించడం ఆనవాయితీ అయింది. ఉపాధ్యాయులకు ఇది తెలియక కాదు. యాభై మంది ఉన్న తరగతిలో ఎవరిది ఎవరు చేశారో ఆరా తీసే వ్యవధి వాళ్లకి లేదు. కంటికి నదరుగా కనిపించినదానికి ఎక్కువ మార్కు పడిపోతుంది.

‘బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్’ అని జరిగే పోటీల తీరు ఇంకా విడ్డూరం. పారేసే వస్తువులతో పనికొచ్చేది చేయమని పిల్లల్ని అడుగుతారు. పోటీ రోజు బల్లల మీద బంగారు రంగు స్ప్రే కొట్టిన సీసాలు, అంగట్లో కట్టలుగా కొన్న ఐస్‌క్రీమ్ పుల్లల ఇళ్లు, కొత్త స్ట్రాలతో చేసిన పూలు కనిపిస్తాయి. పారేసే సరుకు అందులో ఏదీ లేదు. పోటీ అయిపోయాక మాత్రం అన్నీ పారేసేవే.

ఇందులో చట్టం సంగతి కూడా ఒకటుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిని కేంద్రం 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించింది. ఇయర్‌బడ్ పుల్లలు, బెలూన్ కడ్డీలు, ప్లాస్టిక్ జెండాలతోపాటు ఆ జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. అయినా బడి వార్షికోత్సవాల వేదిక మీద ఆ తెల్లటి అక్షరాలు తప్పవు. ప్లాస్టిక్ వద్దన్న నినాదాన్ని థర్మోకోల్‌తో చెక్కించి గోడకి పెట్టిన బడులూ ఉన్నాయి. ఆ షీటులో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా గాలే. మిగిలిన కాస్త పాలీస్టైరీన్ మాత్రం మట్టిలో కలవదు, పొడిపొడి అయి కాలవల్లో తేలుతుంది. సౌరకుటుంబం మార్కులు రిజిస్టరులోకి ఎక్కిన మరుక్షణం దాని పని అయిపోతుంది.

ఈ లేఖ కోరేది పెద్దదేం కాదు. ఈసారి బడులు తెరిచేలోపు మీ రెండు కార్యాలయాల నుంచి చెరో సర్క్యులర్ రావాలి. కొన్న నమూనాలకు మార్కులు లేవని, చేతిపని తరగతి గదిలోనే జరగాలని, దానికి సరుకు ఇంట్లోంచీ పెరట్లోంచీ మాత్రమే రావాలని, సరిగా కుదరని వస్తువుకీ పూర్తి మార్కులు వేయవచ్చని అందులో ఉంటే చాలు.

ఇంట్లో అంత సరుకు ఉంటుందా అన్న అనుమానం అక్కర్లేదు. తెలుగిల్లు దేన్నీ ఊరికే పారేయదు. అటక మీద, మంచం కింద, ఫ్రిజ్ పైన వెతికితే పాత క్యాలెండర్లు, మందుల డబ్బాలు, టైలరు దగ్గర మిగిలిన జాకెట్టు ముక్కలు, తెగిన పూసల దండలు, చీపురు పుల్లలు, కొబ్బరి చిప్పలు, చింతపిక్కలు బయటపడతాయి. అన్నిటికంటే మేలైనవి పాత శుభలేఖలు. దళసరి అట్ట, ఒకవైపు నునుపు, పైన బంగారు రంగు వినాయకుడు. దేవుడి బొమ్మ ఉందని చెత్తలో వేయలేక ప్రతి ఇల్లూ వాటిని కట్టలు కట్టి దాస్తుంది. ఆ బొమ్మ వరకు కత్తిరించి పక్కన పెడితే మిగిలిన అట్టంతా పిల్లలదే. నగరంలో ఒక్క మాఘమాసం ముహూర్తాలు గడిస్తే చాలు, తరగతికి ఏడాది సరిపడా అట్ట పోగవుతుంది.

జిగురు కూడా కొననక్కర్లేదు. గాలిపటాలు అంటించడానికి పిల్లలు అన్నం మెతుకులు వాడేవారు, అవి ఇప్పటికీ అంటుకుంటాయి. సినిమా పోస్టర్లకి వాడే మైదా లై ఇంట్లో ఐదు నిమిషాల పని: రెండు చెంచాల మైదాని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ చిక్కబరచడమే. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసే అలవాటు ఉంది. పిల్లల చేతికి ఇచ్చేదానిలో అది వేయకూడదు, విషం. ఇంతకంటే గట్టి జిగురు కావాలంటే చింతపిక్కలు ఉన్నాయి. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి ఉడికిస్తే చిక్కటి బంక వస్తుంది. కొండపల్లి కళాకారులు తెల్లపొణికి కర్రతో చెక్కిన కాళ్లూ చేతులూ బొమ్మకి అతికేది ఈ చింతపిక్కల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతోనే. చేర్యాల వాళ్లు ముఖాల బొమ్మలు చేసే ముద్దలోనూ ఇవే రెండు సరుకులు. అంబారీ ఏనుగు తొండం ఎందుకు ఊడిపోదో తెలుసుకోవడానికి ఆరో తరగతి పిల్లలకి ఒక గిన్నె బంక చాలు. అది వాళ్లకి సైన్సు పాఠం, సాంఘికశాస్త్రం కూడా.

ఇక చేయడానికి ఏమున్నాయి? మొదటి స్థానం బొత్తాం ఆటకి ఇవ్వాలి.

శుభలేఖ అట్ట మీద గ్లాసు బోర్లించి పెన్సిల్‌తో గుండ్రంగా గీసి, అలాంటివి రెండు కత్తిరించి ఒకదానికొకటి అంటించాలి. నడుమకి ఇటూ అటూ సమాన దూరంలో రెండు బెజ్జాలు పెట్టి, వాటిలోంచి గట్టి దారం పోనిచ్చి కొసలు ముడివేయాలి. రెండు చివరలూ రెండు చేతుల వేళ్లకి తగిలించుకుని, బిళ్లని గాల్లో నాలుగైదుసార్లు తిప్పి దారానికి మెలి పెట్టి లాగితే మెలి విప్పుకుంటూ బిళ్ల తిరుగుతుంది. అయితే మెలి పూర్తిగా విప్పుకున్నాక బిళ్ల ఆగదు. అప్పటికే అందుకున్న వేగంతో ముందుకు పోయి, దారాన్ని వ్యతిరేక దిశలో మళ్లీ మెలిపెడుతుంది. చేతులు కాస్త వదులు చేసి మళ్లీ లాగితే అది ఝుమ్మని మోగుతూ వెనక్కి తిరుగుతుంది. పూర్వం దీన్ని కోటు బొత్తాంతో ఆడేవారు, లేదా సోడా సీసా మూతని రాయితో చదును చేసి మేకుతో బెజ్జాలు కొట్టేవారు. మూత అంచుకి వేళ్లు తెగేవి కాబట్టి అట్టే మేలు. బెజ్జాలు నడుమకి సమానంగా లేకపోతే బిళ్ల వణుకుతుంది, సరిగా మోగదు. ఎందుకని అడిగిన పిల్లకి జవాబు చెప్పకుండా ఇంకో అట్ట ఇస్తే చాలు, తనే కనిపెడుతుంది.

ఈ ఆటవస్తువు 2017లో ఒక పెద్ద శాస్త్ర పత్రికలోకి ఎక్కింది. ఐఐటీ కాన్పూర్‌లో చదివి అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న మను ప్రకాశ్, ఆయన సహచరులు బొత్తాం ఆట ఎలా పనిచేస్తుందో లెక్కగట్టి, కాగితం, దారం, ప్లాస్టిక్ ముక్కలతో రక్తాన్ని గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రం తయారుచేశారు. పేరు పేపర్‌ఫ్యూజ్. నిమిషానికి 1,25,000 చుట్లు తిరిగింది. ఖర్చు 20 సెంట్లు. ఆసుపత్రుల్లో వేల రూపాయల విద్యుత్ సెంట్రిఫ్యూజ్ చేసే పని, అంటే రక్తంలోంచి ప్లాస్మాని వేరుచేయడం, అది నిమిషంన్నరలో చేసింది, కరెంటు లేకుండా. కరెంటు లేని ఆఫ్రికా ఊళ్లలో మలేరియా పరీక్షకి పనికొచ్చేది ఏమిటని వెతుకుతూ వాళ్లు పిల్లల బొమ్మల దగ్గరికి వెళ్లారు. కూర్చుని తిప్పి చూసే ఓపిక ఉంటే ఆట ఎంతదూరం పోతుందో చెప్పడానికి మన తరగతుల్లో దీన్ని మించిన కథ దొరకదు.

కాగితం మడతలకీ ఇలాంటి వంశవృక్షమే ఉంది, అదీ మన పక్కనే. 1893లో మద్రాసులో ఒక చిన్న పుస్తకం వచ్చింది. పేరు ‘జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్’. రాసినాయన టి. సుందరరావు, మద్రాసు ప్రెసిడెన్సీలో డిప్యూటీ కలెక్టరుగా పనిచేసిన ఉద్యోగి. కిండర్‌గార్టెన్ పిల్లలకి జర్మనీ విద్యావేత్త ఫ్రోబెల్ పెట్టిన కాగితం మడతల ఆట చూసి, దాంతో పెద్ద పిల్లలకి జ్యామితి ఎందుకు నేర్పకూడదని ఆయనకి తోచింది. కాంపస్ లేకుండా, వట్టి మడతలతో త్రిభుజాలూ పంచభుజాలూ అందులో వస్తాయి. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ ఆ పుస్తకాన్ని మెచ్చుకుని తన రచనలో ప్రస్తావించాడు, 1901లో షికాగోలో మళ్లీ అచ్చయింది. మన జిల్లాల్లో ఎంతమంది లెక్కల మాస్టర్లకి ఆ పేరు తెలుసో అడిగితే బాగుంటుంది.

అందులోని పని ఒకటి చేయడానికి క్యాలెండరు వెనక పేజీ చాలు. చదరం కాగితాన్ని నిలువునా సగానికి మడిచి విప్పితే నడుమ గీత వస్తుంది. ఎడమ కింది మూలని పైకెత్తి ఆ నడుమ గీతకి ఆనించాలి. మడత మాత్రం కుడి కింది మూలలోంచే పోవాలి. మూల ఎక్కడ ఆనిందో అక్కడ చుక్క పెట్టి, ఆ చుక్క నుంచి కింది రెండు మూలలకీ మడతలు వేస్తే సమబాహు త్రిభుజం తయారు. స్కేలు లేదు, కోణమాని లేదు. కత్తిపడవ, ఇంకుబుడ్డి, చొక్కా, రాకెట్టు మడిచే పిల్ల చేతులకి ఇది కొత్త పని కాదు. తేడా ఒక్కటే, ఇక్కడ మాస్టారు పక్కన నిలబడి అది 60 డిగ్రీలే ఎందుకయిందని అడుగుతారు.

అరవింద్ గుప్తా పేరు ప్రస్తావించకుండా ఈ విషయం రాయలేం. 1975లో ఐఐటీ కాన్పూర్ నుంచి ఇంజినీరై వచ్చిన ఆయన, ట్రక్కుల ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ పల్లెబడుల సైన్సు కార్యక్రమానికి వెళ్లాడు. వారపు సంతలో దొరికే చవక సరుకులే అక్కడ ఆయన ప్రయోగశాల. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలకి అగ్గిపుల్లలు గుచ్చితే ఆకారాలు నిలబడతాయని కనిపెట్టాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలూ వీడియోలూ డబ్బు కట్టకుండా ఎవరైనా చూడొచ్చు, తెలుగులోనూ ఉన్నాయి.

ఆ అగ్గిపుల్లల పని ఇలా ఉంటుంది. పుల్లల తలల్లోని మందు పెద్దవాళ్లే ముందుగా గీకేయాలి. సైకిల్ షాపులో దొరికే వాల్వ్ ట్యూబుని వేలి కణుపంత ముక్కలు చేసి, ముక్కకి ఇటొక పుల్ల అటొక పుల్ల దూరిస్తే కీలు తయారవుతుంది. మూడు పుల్లలు, మూడు కీళ్లతో త్రిభుజం, నాలుగింటితో చతురస్రం. ఇప్పుడు రెండింటినీ వేళ్ల మధ్య నొక్కాలి. చతురస్రం ఒరిగిపోతుంది, త్రిభుజం కదలదు. హైటెన్షన్ టవర్లలో, రైలు వంతెనల్లో, ఊరి రేకుల షెడ్డు దూలాల్లో అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయో పిల్లలకి ఆ ఒక్క నొక్కుతో తెలుస్తుంది. తుమ్మముల్లుతో ట్యూబుకి బెజ్జం పెట్టి ఇంకో ముక్క అడ్డంగా దూర్చితే మూడు దారుల కీలు. అలాంటివి నాలుగు, పుల్లలు ఆరు ఉంటే పిరమిడ్ లేచి నిలబడుతుంది. ప్లాస్టిక్ కిట్లలో ఇదే వందల రూపాయలకి అమ్ముతారు.

శుభలేఖ అట్టలు ఇంకా మిగిలితే తోలుబొమ్మలు చేయించవచ్చు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వారిలో దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ దక్కింది. తోలు వెలుగుని లోపలికి రానిస్తుంది, అట్ట రానివ్వదు. కాబట్టి నగల చోట సూదితో వరసగా బెజ్జాలు పొడవాలి, చీర చోట కిటికీలా కత్తిరించి రంగు మిఠాయి కాగితం వెనక నుంచి అంటించాలి. భుజం, మోచేయి వేరు ముక్కలుగా చేసి దారంతో ముడివేస్తే చేయి ఊగుతుంది. బొమ్మకి చీపురు పుల్ల, ముందు దుప్పటి, వెనక సెల్‌ఫోన్ టార్చి. బొమ్మని దీపానికి దగ్గర చేస్తే నీడ ఎందుకు పెద్దదవుతుందన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. రామాయణమే ఆడాలని లేదు, బస్సు ఆలస్యమైన కథ ఆడినా పిల్లలు నవ్వుతారు.

రంగుల సంగతి క్లుప్తంగా: పసుపు ముద్ద పూసి ఆరబెట్టిన కాగితం మీద సబ్బునీళ్లలో ముంచిన పుల్లతో రాస్తే అక్షరాలు ఎర్రగా తేలతాయి, నిమ్మరసం తగిలితే మళ్లీ పసుపు. హారతి పళ్లెంలో పసుపూ సున్నమూ కలిపి ఎర్రనీళ్లు చేసే ఇంట్లో పుట్టిన పిల్లలకి ఇది ఆశ్చర్యం కాకపోవచ్చు, కానీ ఎందుకని అడిగినవాళ్లు తక్కువ. వేడినీళ్లలో నానబెట్టిన మందారపూల రసం నిమ్మరసానికి ముదురు గులాబీ అవుతుంది, వంటసోడాకి పచ్చబడుతుంది.

బుడగలకి కుంకుడు రసం ఉంది. బొప్పాయి ఆకు కాడ సహజమైన గొట్టం. కోసినప్పుడు కారే పాలు కడిగేసి ఊదాలి. అంగట్లో అమ్మే బుడగల సీసా కంటే ఈ బుడగలు ఎక్కువసేపు నిలుస్తాయని గొప్పలు చెప్పనక్కర్లేదు, కళ్లలో పడితే మంట మాత్రం ఎక్కువే.

పల్లెబడులకి ఈ జాబితా అక్కర్లేదనిపించవచ్చు. వాళ్లకి ముంజికాయల బండి తెలుసు, తాటాకు ముక్కకి తుమ్మముల్లు గుచ్చి గాలికి ఎదురుగా పరిగెత్తే పంకా తెలుసు అని. తెలుసునా? తెలంగాణలో జొన్నచేలు తగ్గి పత్తి పెరిగింది. జొన్న దంటు పై తొక్క చీల్చి పుల్లలుగానూ, లోపలి బెండుని కీళ్లుగానూ వాడి ఎద్దులబండి, కళ్లజోడు చేసిన తరానికి ఇప్పుడు మనవలు ఉన్నారు; ఆ మనవలకి దంటు చేతికి అందడం లేదు. మొక్కజొన్న దంటులోనూ బెండు ఉంటుంది, దాంతో అదే బండి చేయొచ్చు. చేసి చూపించడానికి తాతలే కావాలి. వాళ్లని ఒక పూట బడికి పిలవడానికి ఏ బడ్జెట్టూ అక్కర్లేదు, ప్రధానోపాధ్యాయుడి సంతకం ఒకటి కావాలి.

మట్టిపనికి క్యాలెండరే దారి చూపిస్తుంది. బడులు తెరిచే రోజుల్లోనే దాదాపుగా ఏరువాక పున్నమి వస్తుంది, ఆనాడు మట్టి ఎద్దులు. శ్రావణంలో పొలాల అమావాస్యకి మళ్లీ ఎద్దులు. భాద్రపదంలో వినాయకుడు. చెరువుమట్టిని జల్లించి, నానబెట్టి, కాస్త ఊక కలిపితే ఎండేటప్పుడు పగుళ్లు తగ్గుతాయి. ఎద్దు కాళ్లు సన్నగా చేస్తే విరుగుతాయి, అందుకే పాత మట్టి ఎద్దులకి స్తంభాల్లాంటి కాళ్లు ఉంటాయి. మట్టి వినాయకుడికి కళ్లుగా గురివింద గింజలు గుచ్చే అలవాటు చాలా చోట్ల ఉంది. చూడ్డానికి ఎర్రగా, నల్లగా అందంగా ఉంటాయి గానీ ఆ గింజ నమిలి మింగితే ప్రాణాంతకం. మిరియాలు గుచ్చితే సరిపోతుంది. ఇదొక్కటీ మీ సర్క్యులర్‌లో పెద్ద అక్షరాల్లో వేయించాలి.

జాగ్రత్తల మాట వచ్చింది కాబట్టి ఇంకొన్ని. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో పూసలు, బొత్తాలు, చింతపిక్కలు నేల మీద వదలకూడదు, గొంతుకి అడ్డం పడతాయి. పాత బొమ్మల్లోంచి ఊడదీసిన బిళ్ల బ్యాటరీలు ఏ చేతిపనికీ వాడకూడదు. మింగితే అన్నవాహికని కాల్చేస్తాయి. క్షణంలో అంటుకునే జిగురు పిల్లల చేతికి వద్దు. కత్తెర మాత్రం ఇవ్వాలి. మొన లేని కత్తెర ఐదేళ్ల పిల్లకి ఇచ్చి పక్కన కూర్చోవడం, పదేళ్లదాకా అసలు ఇవ్వకుండా హఠాత్తుగా బ్లేడు ఇవ్వడం కంటే క్షేమం.

మీ శాఖకి ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. 1937 అక్టోబరులో వార్ధా సమావేశంలో గాంధీజీ చేతివృత్తి చుట్టూ చదువు తిరగాలన్నాడు, జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి ప్రణాళిక రాసింది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పని అనుభవం అంది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక పని అంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలులు, కళాకారుల దగ్గర నేర్చుకోవాలంది. మీ రెండు రాష్ట్రాలూ శనివారాల్లో సంచి లేని రోజులు ప్రకటించాయి. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలే ఊరేగాయి. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. ఢిల్లీలో వాటికి చప్పట్లు పడ్డాయి. అదే రోజు బడుల్లో రిపబ్లిక్ డే అలంకరణకి ఎన్ని థర్మోకోల్ షీట్లు కోశారో ఎవరూ లెక్కపెట్టలేదు.

అడ్డంకి ఎక్కడుందో ఉపాధ్యాయులని అడిగితే చెబుతారు. సంచి లేని శనివారం నాడు ఏం చేయాలో తెలియక చాలా చోట్ల ఆ పూట సిలబస్ పూర్తిచేస్తున్నారు. క్రాఫ్ట్ టీచరు ఉన్న బడులు తక్కువ, ఉన్నచోట ఆ పీరియడు లెక్కల మాస్టారికి పోతుంది. చేసిన వస్తువులు పెట్టుకోవడానికి బీరువా లేదు. తనిఖీకి వచ్చిన అధికారి గోడ మీద మెరిసే చార్టుల కోసం చూస్తారు కాబట్టి మెరిసే చార్టులే వేలాడతాయి. ఈ చివరిదాన్ని సరిదిద్దడం పూర్తిగా మీ చేతిలో పని. తనిఖీకి వెళ్లే మండల విద్యాధికారులు చార్టుల సంఖ్య రాసుకోవడం మాని, ఎవరైనా ఒక పిల్లని పిలిచి ‘దీన్ని ఎలా చేశావు, ఎక్కడ చెడింది?’ అని అడగాలని ఆదేశిస్తే, నెల తిరిగేసరికి గోడలు మారిపోతాయి. కొని తెచ్చిన పిల్లకి రెండో ప్రశ్నకి జవాబు ఉండదు.

మార్కుల విషయంలోనూ అదే కొలత పనికొస్తుంది. ఐదింటిలో మూడు మార్కులు తను చేసింది తను వివరించినందుకు, ఒకటి చెడిపోయిన చోట మార్చి చూసినందుకు, ఒకటి పక్కవాడికి నేర్పినందుకు. అందానికి సున్నా. ఈ విభజన కంటే మెరుగైనది మీ ఎస్సీఈఆర్‌టీల్లో ఎవరికైనా తోచవచ్చు, అప్పుడు దాన్నే అమలుచేయాలి. చక్రాలు వంకరపోయిన బండి తెచ్చి, ఇరుసు మధ్యలోంచి పోలేదని చెప్పగలిగిన పిల్ల, నున్నటి బండి తెచ్చి నోరు మెదపని పిల్ల కంటే ఎక్కువ నేర్చుకుందని ఏ కొలతతో చూసినా తేలాలి.

ప్రైవేటు బడుల సంగతి వేరుగా చెప్పాలి. ప్రాజెక్టు కిట్ల పేరుతో పుస్తకాలతోపాటు డబ్బు వసూలుచేసేవి ఉన్నాయి. కిట్ కొన్నవాళ్లకే మార్కులు అన్న పద్ధతి ఎక్కడ కనిపించినా అడ్డుకోవడానికి ఈ సర్క్యులర్ వాటికీ వర్తించాలి. పేద ఇంటి పిల్లకి థర్మోకోల్ కొనే స్తోమత లేక ఐదులో రెండు మార్కులు పడడం, డబ్బున్న ఇంటి పిల్ల నిద్రపోతుంటే ఐదు పడడం, రెండూ ఒకే తరగతి గదిలో జరుగుతున్నాయి.

చివరగా ఒక చిన్న విన్నపం. ఆ సర్క్యులర్‌ను బడులకి కాగితం మీద పంపించేటట్టయితే ఒకవైపే అచ్చు వేయించాలి. జూలై వచ్చేసరికి దాని అవసరం తీరిపోతుంది, రెండోవైపు తెల్లగా ఉంటే మూడో తరగతి వాళ్లు కత్తిపడవలు చేసుకుంటారు.

ఇట్లు,
భవదీయులు,
రెండు రాష్ట్రాల బడిపిల్లల ఇళ్ల తరఫున